సముద్రానికి తాళం

ఆ తాళం వేసింది మీరే. సముద్రపు ఒడ్డున ఇసుకలో ఇనుప కంచె పాతి, దానికి లోపలివైపు నల్ల గుడ్డ కట్టి, రంగు దీపాలు పెట్టి డాన్స్ హాలు అని బోర్డు తగిలించిన యజమానీ, నువ్వే. ఆ ఇసుకను వాడికి రాసిచ్చి చేతులు దులుపుకున్న నగరం పెద్దలారా, మీరూ. లోపల ఒక మనిషికి ఊపిరాడటం లేదు. బయటికి దారి లేదు. ఎలా లేకుండా పోయిందో చెబుతాను.

ఆమె చొక్కాల కార్ఖానాలో కాలర్లు కుడుతుంది. ఏళ్ల తరబడి గుడ్డ నూగు పీల్చి ఊపిరితిత్తులు చెడ్డాయి. ఆమె ఆడపడుచు అక్కడే గుండీలు కుడుతుంది. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకడం, సముద్రం చూడ్డానికి రావడం, బుద్ధెరిగాక ఇదే మొదలు. దిగిన లాడ్జిలో కిటికీ తీస్తే పక్కింటి గోడ. సముద్రం వాసన వస్తుంది, కనపడదు.

లాడ్జి మెట్ల దగ్గర ఒక కాగితం అంటించి ఉంది. చీకటి పడకముందే వస్తే డాన్స్ హాల్లో ఆడవాళ్లకు ప్రవేశం ఉచితం.

"వదినా, ఊరికేనట!"

"ఊరికే ఎవడిస్తాడే? లోపల మంచినీళ్లు కూడా బంగారం రేటు పెడతారు."

"అందుకే ఇక్కడే తాగేసి పోదాం. ఒంటెల్లాగా."

గదిలో బన్నులు తిని, చెరో సీసా నీళ్లు పట్టించి, నడిస్తే కడుపులో గుడగుడమంటుంటే పగలబడి నవ్వుతూ వెళ్లారు.

గేటు దగ్గర వదిన సంచి తీసుకున్నారు. బయటి సామాను లోపలికి రాకూడదట. డబ్బులూ, ఆమె పీల్చే మందూ అందులోనే ఉన్నాయి. "మందొక్కటీ ఉంచుకోనివ్వండి" అంటే, "మందులసలే కుదరవు" అన్నాడు గేటు మనిషి. ఇద్దరి చేతులకూ నీలం గుడ్డ పట్టీలు చుట్టి, చేతి మిషనుతో టకటకా కుట్టేశాడు. వెళ్లేటప్పుడు పట్టీ చూపిస్తే సంచి ఇస్తారు, గేటు తీస్తారు. పట్టీ పోతే పూర్తి టికెట్టు, పైన జరిమానా.

వదిన మణికట్టు సన్నం. చెయ్యి దించితే చాలు, పట్టీ వేళ్ల దాకా జారుతోంది. వదులు గుడ్డ కనపడితే కుట్టుపని వాళ్ల చెయ్యి ఊరుకోదు. ఆడపడుచు కాలరు మడతలో దారం ఎక్కించిన సూది ఎప్పుడూ గుచ్చి ఉంటుంది.

"ఇలా పెట్టు చెయ్యి. ఇది పడిందంటే మన పని అయిపోయినట్టే." సూదిమొనతో కుట్లు విప్పింది, బిగించింది, మళ్లీ కుట్టి దారం పళ్లతో తెంచింది. "చూడు, కుట్టు కనపడుతోందా?"

"గుండీల నుంచి నిన్ను కాలర్లకి మార్చమని మేస్త్రీతో చెప్తాలే" అంది వదిన.

ఆడారు. వదిన ముందు సిగ్గుపడింది, తర్వాత ఆడపడుచునే గిరగిరా తిప్పింది. అంతలో వేదిక కింద నుంచి తెల్లటి పొగ వదిలారు, జనం హోయని అరిచారు. వదినకి దగ్గు మొదలై ఆగలేదు. ఛాతీలో ఈల మోగసాగింది. ఆడపడుచు ఆమెను గేటు దగ్గరికి తీసుకొచ్చింది.

గేటు మనిషి ఆమె పట్టీ తిప్పి చూశాడు. లోపలివైపు తెల్లదారం.

"ఇది మా కుట్టు కాదు. ఎవరిదో విప్పి తగిలించుకున్నారు."

"వదులైతే బిగించానయ్యా! పట్టీ అదే."

"అందరూ అదే చెప్తారు. డబ్బు కట్టండి, లేదా మేనేజర్ గారొచ్చేదాకా లోపలుండండి."

"డబ్బు సంచిలో ఉంది."

"పట్టీ చెల్లందే సంచి ఇవ్వం."

"సంచి ఇవ్వందే డబ్బెక్కడి నుంచి తెమ్మంటావు? పోనీ మందొక్కటి పడెయ్యి బాబూ, ఈవిడ ఆయాసం చూడు!"

"రూలు నేను పెట్టలేదమ్మా. నీ పట్టీ బాగానే ఉంది, నువ్వు పో."

"ఈవిణ్ణి ఇలా వదిలి నేనెక్కడికి పోతానురా?"

వదిన చుట్టూ నిమిషంలో జనం మూగి, ఉన్న గాలి కూడా అడ్డుకున్నారు. ఆడపడుచు ఆమె నడుం పట్టుకుని నల్ల గుడ్డ గోడ దాకా నడిపించింది. గుడ్డకి అతుకు ఉంటుంది, అతుకుంటే విప్పొచ్చు. సూది తీసింది. ముతక కుట్లు తెగాయి, గుడ్డ రెండుగా విడింది.

వెనక ఇనుప వల. వలలో చిన్న తలుపు. తలుపుకి తాళం. అవతల ఇసుక, ఇసుక దాటితే నీళ్లు.

"ఏంటమ్మా, గాలి కూడా ఊరికేనా?" అన్నాడు గ్లాసు పట్టుకున్న ఒకడు.

"ఊరికే కాదురా, ఈవిడ ఊపిరితిత్తులిచ్చి కొనుక్కుంది. నీ ఒంటిమీద చొక్కా కాలరు తిప్పి చూసుకో."

వాడు గ్లాసు కింద పెట్టి తాళం పట్టి గుంజాడు. రాలేదు.

వదిన ఇప్పుడూ అక్కడే ఉంది. ముఖం వలకి ఆనించి, బుగ్గ మీద ఇనుప గళ్లు అచ్చుపడేలా, సముద్రం వదిలే గాలిని కొంచెం కొంచెంగా లోపలికి లాక్కుంటోంది. ఈల ఆగలేదు. గేటు మనిషి మేనేజర్ కోసం చూస్తున్నాడు.

గేటు మనిషీ, చూడొద్దు. ముందు ఆ సంచి తీసుకుని పరిగెత్తు. యజమానీ, ఆ తాళంచెవి నీ దగ్గరే ఉంది, తే. తేకపోతే, హాల్లో ఉన్నవాళ్లారా, కుర్చీలు ఇనుపవే, ఎత్తండి, ఆ తాళం పగలగొట్టండి. ఆమెను ఇసుకలోకి తీసుకెళ్లాక ఆ కంచె మొదలంటా పీకండి. ఇప్పుడే.