ఉత్తరపు మూల రాళ్ళు

ఉడికిన గుడ్డు పెంకు ఒలుస్తూ, నా మొహం వైపు చూడకుండానే అన్నాడు మా ఆయన. "ఆ తాళంచెవి మాస్టారికిచ్చెయ్ డెల్యా. ఇంక నీకా చాకిరీ లేదు."

టీ వంచుతున్నదాన్ని తలెత్తి చూశాను. వెనక తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది మఠం తాళంచెవి. జానెడు పొడుగు ఇనప చెవి. మా అత్త హనోరా చేతిలోంచి నా చేతికొచ్చింది. మా ఇంటి ఎదురుగా, రోడ్డుకి అవతల, సన్యాసులు కట్టుకుని వదిలేసిపోయిన మఠం. కప్పు లేదు, కిటికీల్లో కాకులు. పశువులు దూరకుండా గేటుకి తాళం. గేటు మీద బోర్డు: 'తాళంచెవి ఎదురింట్లో, మాలకీ గెరటి గారి దగ్గర'. మాలకీ గెరటి గారు, అంటే మా ఆయన, ఆ చెవిని ఇన్నేళ్ళలో తాకిన పాపాన పోలేదు. పిండిచేతులతో తలుపు తీసేది నేను. మఠం చూడ్డానికని వానలో తడిసి వచ్చిన జర్మన్లకి తువ్వాలు ఇచ్చేది నేను. వాళ్ళు బురద బూట్లతో మా బాత్రూముకి పోయి వచ్చాక నేల తుడిచేది నేను. చలికి వణుకుతున్న ముసలమ్మలకి టీ, రొట్టె ఇచ్చి, ఇది పూజ చేసిన చోటు, ఇది వంటిల్లు, ఇది మఠాధిపతి గారి సమాధి అని తిప్పి చూపించేదీ నేనే. అంతా అయ్యాక వాళ్ళు మా గుమ్మంలో నిలబడి, ట్రాక్టరు మీంచి దిగుతున్న మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపేవాళ్ళు. "ఎంత బాగా కాపాడుతున్నారండీ!" ఆయన టోపీ సర్దుకుని, "ఏదో మా తాతల నాటి పని" అనేవాడు. పబ్బులో మాత్రం నా పేరు వేరే. 'పాడుగోడల పట్టపురాణి'. మా ఆవిడకి బతికున్నవాళ్ళకన్నా పోయిన సన్యాసుల మీదే మోజు అని ఆయన అంటే అందరూ పగలబడి నవ్వేవాళ్ళట. నాకు చెప్పింది కూడా ఆయనే, నవ్వుకుంటూ.

"ఆదివారం టూరిస్టు బస్సులొస్తున్నాయి," అన్నాడు గుడ్డు మీద ఉప్పు జల్లుకుంటూ. "పొద్దున కోట, మధ్యాహ్నం మన మఠం, సాయంత్రం దొరగారి బంగళా. ఊరి కమిటీ వాళ్ళు కొత్త తాళం వేస్తారు. నీ కాళ్ళకీ సుఖం."

నా కాళ్ళ గురించి ఆయనకి ఆ రోజే గుర్తొచ్చింది.

"ఇంకోటి. నువ్వు కంటి ఆపరేషన్‌కని గాల్వే ఆస్పత్రికి పోయావే, అప్పుడు మఠంలో ఆ ఉత్తరపు మూల బాగుచేసేశాం. ఆ పిచ్చి రాళ్ళన్నీ ఏరి పారేశాం. ఇప్పుడు చూడు ఎలా ఉందో, బల్ల పరిచినట్టు!"

టీ కప్పు నిండి సాసరులోకి, సాసరు నిండి బల్ల మీదకి కారింది. "కళ్ళు బాగుచేయించుకొచ్చి కూడా చూసుకోవా ముసల్దానా," అన్నాడాయన. నేను తుడిచాను. అది కూడా చెప్పాలి, దాచుకోవడం ఎందుకు. ముందు బల్ల తుడిచాను. ఆ తర్వాతే కోటు వేసుకున్నాను. ఆడదాని చెయ్యి అలా అలవాటు పడిపోతుంది. కొంప కూలుతున్నా కింద కారింది తుడిచి గానీ పరిగెత్తదు.

మఠం గేటు ముందు, బస్సులు ఆపడానికని కంకర పోశారు. కంకర మధ్యలో గుండ్రటి పూలమడి. మడి చుట్టూ రాళ్ళు. కొన్ని పిడికిలంత, కొన్ని రొట్టె ముద్దంత. అన్నిటికీ తెల్ల పెయింటు కొట్టారు. ఇంకా తడి ఆరలేదు. కమిటీ పెద్ద, మాస్టారు ఆంబ్రోస్ టల్లీ, మోకాళ్ళ కింద గోనె వేసుకుని, చేతిలో బ్రష్షుతో ఆఖరి రాయికి రంగు వేస్తున్నాడు.

"రావమ్మా డెల్యా, కొత్త కళ్ళతో చూసి చెప్పు. ఈసారి పరిశుభ్ర గ్రామం బహుమతి మనదా కాదా?"

"ఈ రాళ్ళెక్కడివి మాస్టారూ?"

"లోపలివే. ఉత్తరం గోడ కింద గడ్డిలో పడున్నాయి, ఎందుకూ పనికిరాకుండా. గడ్డికోత మిషను బ్లేడు విరుగుతుంది తీసేద్దామని మీ ఆయనే అన్నాడు. నాకేమో పారెయ్యడానికి మనసొప్పలేదు. చూడు, ముత్యాల దండలా లేవూ?"

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. మాస్టారు వేరే జిల్లా వాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. ఆ మూల ఏముందో ఆయనకెవరు చెప్తారు? ఈ ఊళ్ళో మేం ఎవ్వరం ఎవ్వరికీ చెప్పుకోలేదు. మొగుడూ పెళ్ళాం కూడా చెప్పుకోలేదు.

నేను చెప్తాను. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నది చాలు.

జ్ఞానస్నానం పొందకుండా పోయిన పసిగుడ్డుకి చర్చి సమాధుల దగ్గర చోటు లేదు. ఫాదర్లు చెప్పిన లెక్క ప్రకారం ఆ పిల్లలకి స్వర్గం లేదు, నరకం లేదు. రెండిటికీ మధ్య ఒక చీకటి వరండాలో ఎప్పటికీ అలా ఉండిపోతారు, దేవుడి మొహం చూడకుండా. అందుకని పొద్దుపొడవక ముందే ఎవరో ఒకరు తీసుకెళ్ళి పాడుబడిన మఠంలో, ఎండ పడని ఉత్తరపు మూలలో పూడ్చి, గుర్తుకి ఒక రాయి పెట్టి వచ్చేవాళ్ళు. పేరుండదు. ప్రార్థన ఉండదు. తల్లి వెళ్ళడానికి అసలే లేదు. తల్లి మంచంలో ఉండాలి. పురుటి మైల పోయేలా ఫాదరు చర్చి గుమ్మంలో ఆశీర్వదించేదాకా ఆమె గడప దాటకూడదు, బావి తాకకూడదు, రొట్టె పిండి ముట్టకూడదు. నా మొదటి కాన్పు అలాంటిదే. ఏడవలేదు పిల్ల. మంత్రసాని గుడ్డ కప్పేసింది. జుట్టు మాత్రం చూశాను, తడిగా, నల్లగా. తెల్లారి లేచేసరికి వంటింట్లో వెన్న పెట్టుకునే చెక్కపెట్టె ఉండే చోటు ఖాళీగా ఉంది. అదే నాకు తెలిసిన అంత్యక్రియ. మా అత్త గంజి తెచ్చి మంచం పక్కన పెట్టి, "అయిపోయింది. అడక్కు," అంది. వారం తిరక్కుండా నన్ను దొడ్లోకి తోలింది. రొట్టె పిండి ముట్టుకుంటే మైల గానీ, దూడలకి కుడితి కలిపితే మైల లేదు! తర్వాత ఫాదరు నా చేతికి కొవ్వొత్తి ఇచ్చి గుమ్మంలో నిలబెట్టి శుద్ధి చేశాడు. పిల్లని పోగొట్టుకున్నందుకు నన్ను కడిగారు. తర్వాత ఇద్దరు పుట్టారు, పెరిగారు. వాళ్ళకీ తెలియదు.

పెళ్ళికి ముందు నేను దొరగారి బంగళాలో పనిపిల్లని. ఆదివారం సాయంత్రం బస్సులు పోయేది అక్కడికే. ఆ తోటలో, గులాబీల వెనక, దొరగారి కుక్కల సమాధులు ఉన్నాయి. అన్నీ వరసగా, చెక్కిన రాళ్ళతో. 'బడ్డీ, నమ్మిన నేస్తం.' 'జూనో, ఎన్నటికీ మరువం.' ఆ అక్షరాల్లో పట్టిన నాచు పుల్లతో గీకి శుభ్రం చెయ్యడం నా పని. దొరసాని వెనక నిలబడి "జాగ్రత్త, జూనోకి గీత పడుతుంది," అనేది. అప్పుడు నవ్వొచ్చేది. పెళ్ళయ్యి, ఆ కాన్పయ్యాక, ఆ కుక్కల పేర్లు నిద్రలో కూడా నన్ను వదల్లేదు.

మా అత్త పోయే ముందు తాళంచెవి నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "ఉత్తరపు మూల గడ్డి నువ్వే కొయ్యి. కొడవలితో కొయ్యి. మగాళ్ళని రానివ్వకు." ఇదీ ఆమె ఆఖరి మాట. చచ్చేముందు కూడా ఇంకో పని నా నెత్తిన పడేసిందని తిట్టుకున్నాను. గట్టిగానే తిట్టుకున్నాను, బూతులతో. కానీ చెవి తీసుకున్నాను. ఎందుకంటే చెవి చేతిలో ఉంటే లోపలికి ఎందుకు పోతున్నావని ఎవ్వరూ అడగరు. ప్రతి వేసవీ ఒక్కో రాయి చుట్టూ కొడవలితో గడ్డి కోశాను. ఏది నాదో తెలియదు. మాలకీకి తెలుసనుకున్నాను. ఎప్పుడో ఒకప్పుడు, తాగినప్పుడో, పోయేముందో, చెప్తాడనుకున్నాను. ఆ నమ్మకం మీద ఒక కాపురం అంతా చేసేశాను.

ఆ సాయంత్రం బంగాళాదుంపలు వడ్డించి అడిగాను. "మాలకీ, మన పిల్లది ఏ రాయి?"

"ఏ పిల్ల?"

"మొదటిది."

ఫోర్కు ఆగింది. "అదంతా ఇప్పుడెందుకు తవ్వుతావే?"

"తవ్వింది మీరు. ఏ రాయో చెప్పు."

"నాకేం తెలుసు?" అన్నాడు చిరాగ్గా. "అమ్మే తీసుకెళ్ళింది. నేను ఎర్రావు దగ్గరున్నా. ఆ రాత్రే కదా అది ఈనింది. అడ్డం తిరిగింది దూడ, నేనూ మా బాబాయీ తాడేసి లాగాల్సొచ్చింది. బతికింది. మంచి పెయ్య."

"పెయ్య పేరేంటి?"

"రోజీ," అన్నాడు వెంటనే. ఆ మాటకి ఆయన మొహం కాస్త వెలిగింది కూడా.

వడ్డించే గరిటె బల్ల మీద పెట్టేశాను. ఏడుపు రాలేదు. అప్పుడు కనిపించింది నాకు మా అత్త. నా భుజం కిందికి వచ్చే మనిషి. ఒక చంకలో వెన్న పెట్టె, ఇంకో చేత్తో పార. పొద్దుపొడవక ముందు ఒక్కత్తే రోడ్డు దాటి ఆ గేటు తీస్తోంది. కొడుకేమో దూడని లాగుతున్నాడు. ఆ దారి ఆమెకి అంతకుముందే తెలిసి ఉంటుంది. తన పసిగుడ్లు ఎన్ని ఉన్నాయో అక్కడ. నాకు చెప్పడానికి ఆ మనిషికి మాట లేదు. మాట ఎవరు నేర్పారు గనక! అందుకని గడ్డి కొయ్యమంది. మగాళ్ళని రానివ్వకు అంది. అది పని కాదు, నా పిల్ల జాడ. ఆమె చెప్పగలిగింది అంతే. నేను దాన్ని పాచిపని అనుకుని బతికేశాను.

"కూర చల్లారిపోతోంది," అన్నాడు మాలకీ.

రాత్రిపూట ఎవ్వరూ చూడకుండా వెళ్ళి ఆ రాళ్ళు లోపల పెట్టేసి రావచ్చు. ఆలోచించాను. చీకట్లో చెయ్యడం వల్లే కదా ఈ ఊరి పెద్దమనుషులందరూ ఇన్నాళ్ళూ తలెత్తుకుని తిరిగింది. నేను ఆదివారం దాకా ఆగాను.

ఆదివారం బస్సులొచ్చాయి. ఫాదరు, కమిటీ, గేటుకి పచ్చ రిబ్బను. మాలకీ పెళ్ళినాటి టై కట్టుకున్నాడు. మాస్టారు చెయ్యి చాపి, అందరికీ వినిపించేలా, "మన డెల్యా ఇన్నేళ్ళ సేవకి ఒక్కసారి చప్పట్లు! తాళంచెవి ఇలా ఇవ్వమ్మా," అన్నాడు.

"ఇవ్వను," అన్నాను.

చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి.

"ఈ పూలమడి చుట్టూ ఉన్నవి మన పిల్లల సమాధి రాళ్ళు మాస్టారూ. మీకు తెలీదు, మీ తప్పు లేదు. ఇక్కడున్న సగం మందికి తెలుసు. ఇవి లోపలికి పోయేదాకా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది."

మాస్టారు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఫాదరు బూట్ల వైపు చూసుకున్నాడు. మాలకీ పళ్ళు బిగించి నాకు మాత్రమే వినపడేలా, "పరువు తియ్యకు. ఇంటికి నడు," అన్నాడు. మళ్ళీ అందరి వైపు తిరిగి, "కంటి ఆపరేషనయ్యింది పాపం, మందుల మత్తు," అని నవ్వాడు. ఎవరో నవ్వారు కూడా.

నేను రిబ్బను కింద నుంచి వంగి వెళ్ళి తాళం తీశాను. వెనక్కొచ్చి పూలమడి దగ్గర వంగి ఒక రాయి ఎత్తాను. నడుం కలుక్కుమంది. తెల్ల రంగు మీద పట్టిన మట్టి నా మంచి కోటుకి అంటుకుంది. ఎవ్వరూ కదల్లేదు. పక్క పొలం అట్రాక్టా, నాకన్నా పెద్దది, ఊతకర్ర మీద ఆనుకుని అలా చూస్తూ ఉంది. ఆమె మొగుడు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుని గేటు దాకా నడిచింది. గాలికి మూసుకుపోతున్న తలుపుకి వీపు ఆనించి నిలబడింది, నాకు దారి ఇచ్చి.

మొదటి రాయి గోడ కింద పెట్టాను. ఎక్కడ పెట్టాలో తెలియదు. ఉన్న చోట్లన్నీ నేల చదును చేసిన రోలరు తొక్కేసింది. రెండోదానికి వెనక్కొచ్చాను. బస్సు డ్రైవరు ఇంజను ఆపేశాడు.

మాలకీ నాకడ్డం వచ్చాడు. ఇప్పుడు గొంతులో కోపం లేదు, అర్థంకానితనం ఉంది. నిజంగానే అడిగాడు.

"నీది ఏదో నీకే తెలీదు కదే. ఇవన్నీ ఎందుకు మొయ్యడం?"

"తెలీదు కాబట్టే," అన్నాను. "పక్కకి జరుగు. అన్నీ నావే."