ఎనిమిది గంటల మెసేజీ

పొద్దున్న ఎనిమిదికి కామేశ్వరమ్మ ఫోను మోగింది. "రమణమూర్తి గారూ, మీ ఇంటర్నెట్ కనెక్షన్ పనిచేస్తోంది." భర్త రమణమూర్తి పోయి ఏడు నెలలైంది. తెరుబలిలో ఫ్యాక్టరీ క్వార్టరు ఖాళీ చేసి కూతురితో జయపురం వచ్చేసినా, ఆ మెసేజీ మాత్రం రోజూ వస్తూనే ఉంది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆగిపోతుందని భయం.

ఆ ఇంటర్నెట్ కంపెనీకే ప్రోగ్రాములు రాసే కూతురు ధనశ్రీ, లాప్‌టాప్ ముందు చేతులు ముడుచుకుని కూర్చుంది.

"ఏటమ్మీ, మూడ్రోజులుగా అదే పని?"

"తెరుబలిలో ఒకరికి కొత్త కనెక్షన్ ఇవ్వలేకపోతన్నాం అమ్మా. ఆ లైన్లో పాత పేరుంది. ఆఫీసులో తీసేత్తన్నారు, తెల్లారేసరికి మళ్ళీ వచ్చేత్తంది."

"దెయ్యమేటి?"

"దెయ్యమైతే పంతుల్ని పిలుద్దుం. ప్రోగ్రాము పొద్దున్నే అందరి పేర్లూ చదివి దగ్గరుంచుకుంటాది. ఊళ్ళో ఇంటర్నెట్ పెట్టెలన్నీ చూసొచ్చి, రాత్రి ఆ పాత నకలే తిరిగి రాసేత్తాది. మధ్యలో మనిషిని తీసేసేరని దానికి తెలీదు."

కామేశ్వరమ్మకి పాత కేలెండరు గుర్తొచ్చింది. రమణమూర్తి షిఫ్టులు ఆవిడ ప్రతి సోమవారం కేలెండరు మీద రాసుకునేది. ఆయన పోయిన రోజున రాత్రి షిఫ్టని ఉంది. అది చూసుకునే సంతలో తీరిగ్గా బేరాలాడింది. షిఫ్టు మారి ఆయన మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు. దారిలో గుండె ఆగింది. సంతకి బయలుదేరే ముందు ఆయన్ని మళ్ళీ ఒక్కసారి అడిగి ఉంటే, వాకిట్లో నిలబడి పంపేది.

"మరేటి సెయ్యాల?"

"రాసే ముందు, ఇంకెవరూ ముట్టుకోకుండా తలుపేసుకుని, మళ్ళీ చదవాల. మనిషి లేపోతే రాయకూడదు."

ఆవిడ పొద్దుటి మెసేజీ తీసి ఫోను కూతురి ముందు పెట్టింది. ధనశ్రీ దాన్ని చూసి తల దించుకుంది.

"నాకు తెలుసమ్మా. నాన్న పేరు మొదటిరోజే చూసేను. మార్పు అప్పుడే రాసేసేను. ప్రోగ్రాములో పెట్టడానికే చెయ్యి రాలేదు."

"అక్కడ వోళ్ళు కనెక్షన్ లేక కూకున్నారు గదా." కామేశ్వరమ్మ కూతురి పక్కన కూర్చుంది. "మళ్ళీ సదవాలన్నావు. నాకినిపించేలా సదువు."

"రమణమూర్తి. తెరుబలి. క్వార్టరు నంబరు పదకొండు."

ఆయన డ్యూటీకి వెళ్ళేటప్పుడు లేచినట్టే ఆవిడ లేచి నిలబడింది.

"ఇంక తీసీ."

మర్నాడు ఎనిమిదికి ఫోను చేతిలోనే ఉంది. మోగలేదు. తొమ్మిదైనా ఆవిడ దాన్ని కింద పెట్టలేదు.