బ్రేకు లేని ఎడమ సీటు

…అయినా నేను ఒక కారును అని చెప్పుకోవడానికి ఆ రోజుల్లో నాకే మొహమాటంగా ఉండేది. కదలనిదాన్ని కారు అంటారా? విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత కార్ల షెడ్డు వెనక, రెండు తుప్పుపట్టిన బస్సుల మధ్య, ముందు టైర్లలో గాలి దిగిపోయి, ఒంటి నిండా కాకిరెట్టలతో పడి ఉన్నాను. అలిసిపోవడానికి పరుగెత్తనక్కర్లేదని అక్కడే తెలిసింది. ఊరికే నిలబడినా అలుపు వస్తుంది. ఆ అలుపుకి విశ్రాంతి ఏమిటో మాత్రం తెలియదు.

నన్ను చేసింది సముద్రాల అవతల, ఒక చలిదేశంలో. అక్కడి కార్ఖానాలో నా ఇంజనుకి అదనంగా ఒక యంత్రం తగిలించారు. దాని పేరు సూపర్‌చార్జర్. ఇంజను తిరుగుతుంటే బెల్టు లాగి దాన్నీ తిప్పుతుంది. అది బయటి గాలిని బలవంతంగా లోపలికి కుక్కుతుంది. మామూలు కారు తనకు కావలసినంత గాలి తానే పీల్చుకుంటుంది. నా సంగతి వేరు. కడుపు నిండిందని బిడ్డ తల తిప్పేసినా ఇంకో ముద్ద కుక్కే తల్లి ఉంటుందే, అలాంటిది నా నెత్తిన కూర్చుంది. ఎక్కువ గాలికి ఎక్కువ పెట్రోలు, దానికి ఎక్కువ వేగం, వేగానికి ఎక్కువ వేడి. ఆ ఆరాటం నాదా, నాకు తగిలించినదా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. నా సీట్లలో కూర్చున్న మనుషులైనా తమ సంగతి తేల్చుకున్నట్టు కనబడలేదు.

మొదట నన్ను కొన్నది గ్రానైటు క్వారీల ఆసామి ఒకడు. ఆయనకు వేగం అక్కర్లేదు, చప్పుడు కావాలి. పెళ్ళిళ్ళకు వెళ్ళి, మండపం ముందు ఇంజను ఆపకుండా వదిలేసి, దిగి నవ్వుతూ నిలబడేవాడు. నలుగురూ తిరిగి చూశాక ఆపేవాడు. రెండోవాడు అపార్ట్‌మెంట్లు కట్టే కుర్ర ఆసామి. అతనికి ఉన్న వేగం చాలలేదు. సూపర్‌చార్జర్ ఇంకా జోరుగా తిరగాలని దాని బెల్టు చక్రం తీయించి చిన్నది వేయించాడు. ఆ ఏడు మే నెల ఎండలో, గుంటూరు రోడ్డు మీద, నా ఇంజను పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే గాస్కెట్టు కాలిపోయింది. నీళ్ళూ ఆయిలూ కలిసి లోపలంతా పాలు కలిపిన టీ రంగయింది. వెనకనుంచి తెల్లటి పొగ. అతను దిగి, నా టైరును కాలితో ఒక్కటి తన్ని, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. తన్నితే బాగుపడిన ఇంజనును నేను చూడలేదు. మనుషులు మాత్రం ఆ వైద్యం మానరు.

అలా నేను పడి ఉన్న షెడ్డుకి కోటిలింగం మాస్టారు వచ్చింది నన్ను చూడడానికి కాదు. గుడివాడలో ముప్పై ఏళ్ళు నడిపిన డ్రైవింగ్ స్కూలు మూసేసి, దాని కార్లను అమ్ముకోవడానికి వచ్చాడు. డ్రైవింగ్ స్కూలు కారు ఒక వింత జంతువు. ఎడమ సీటులో కూర్చునే మాస్టారి కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు బిగిస్తారు. యాక్సిలరేటరు ఉండదు. ఆయనకు ఆపే హక్కు ఉంది, పోనిచ్చే హక్కు లేదు.

బేరం ముగించుకుని వెళ్ళబోతూ నా దగ్గర ఆగాడు.

“అది ఇంజను పోయిన బండండీ. రేపో మాపో ముక్కలు చేసేదే,” అన్నాడు షెడ్డు ఓనరు.

“ఓసారి కూర్చుని చూడొచ్చా?”

తలుపు తీసి కూర్చున్నాడు. ఓనరు పకపకా నవ్వాడు.

“అటు కూర్చున్నారేంటి మాస్టారూ! స్టీరింగు ఇటుందిగా!”

అలవాటు కొద్దీ ఆయన ఎడమ పక్కన కూర్చున్నాడు. సిగ్గుపడి దిగబోతూ, తనకు తెలియకుండానే కుడికాలితో నా నేలను ఒకసారి నొక్కాడు. అక్కడ ఏమీ లేదు. నాకు ఆ నొక్కుడు విచిత్రంగా తోచింది. ఆకలితో తడుముకునే చెయ్యిలా ఉంది.

పాత ఇనుము ధరకే నన్ను కొన్నాడు. ఇంట్లో చెప్పలేదు.

ఆ వీధిలోనే సుభానీ అనే మెకానిక్కు నన్ను విప్పాడు. విప్పుతున్నంతసేపూ నన్నూ, నన్ను కొన్నవాణ్ణీ కలిపి తిట్టాడు.

“ఇంజను చేసి పెడతా గానీ, ఈ పైనున్న దెయ్యాన్ని మాత్రం పీకేద్దాం మాస్టారూ. మామూలు బండి అయిపోద్ది. మీ వయసుకి చాలదా?”

“ఉంచు.”

“ఎందుకండీ? కూరగాయలు తెచ్చుకోడానికా?”

“ముప్పై ఏళ్ళు ఎవరో తోలుతుంటే నేను బ్రేకు తొక్కాను సుభానీ. ఒక్కసారి నేనే తోలుతూ, బ్రేకు తొక్కకుండా, బండికి ఉన్న బలమంతా వాడి పోవాలి. తర్వాత ఏమైపోయినా సరే.”

“అది ఏ బండి మీదైనా అవుద్ది గదా?”

“అవలేదు,” అన్నాడాయన.

వానాకాలమంతా నేను ముక్కలుగా ఉన్నాను. పిస్టన్లకు కొత్త రింగులు పడ్డాయి. సూపర్‌చార్జర్‌కు దాని పాత చక్రమే వెతికి తెచ్చి బిగించారు. నన్ను తీసుకెళ్ళే రోజున మాస్టారి భార్య వర్ధని గారు కూడా వచ్చారు. సంగతి ఎలా పొక్కిందో నాకు తెలియదు. నా చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

“ఆటోనగరూ ఆటోనగరూ అని నెలనెలా పరుగెడుతుంటే ఏ సవతిని పెట్టారో అనుకున్నాను. తీరా చూస్తే ఇదా! దీనికీ మోకాళ్ళ నొప్పులేనా?”

“కొత్త రింగులమ్మా. కుదురుకునేదాకా నెమ్మదిగా తోలాలి, అంతే,” అన్నాడు సుభానీ.

ఆ మాట మాస్టారికి వరమైంది. గుడివాడ వీధుల్లో నన్ను నెమ్మదిగా, ఎంతో శ్రద్ధగా తోలాడు. రిక్షాలు నన్ను దాటిపోయేవి. వెనకవాళ్ళు హారను కొడితే, “రింగులు కుదురుకోవాలి,” అని తనలో తాను గొణుక్కునేవాడు. రింగులు ఎప్పుడో కుదురుకున్నాయి. సుభానీ చూసి, “ఇక తొక్కండి మాస్టారూ, అడ్డం లేదు,” అన్నాడు కూడా. ఆ మరునాటి ఉదయం పామర్రు రోడ్డెక్కాం. ఎదర ఎవరూ లేరు. ఆయన ఊపిరి బిగబట్టి యాక్సిలరేటరు నొక్కాడు. నా లోపల సూపర్‌చార్జర్ గొంతు సవరించుకుంది, సన్నగా ఈల మొదలైంది. అంతలో కాలు బ్రేకు మీదికి దూకింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ దూకింది.

దాన్ని భయం అనలేను. భయపడినవాడి చేతులు స్టీరింగు మీద చెమరుస్తాయి. ఆయన చేతులు పొడిగానే ఉన్నాయి. ఆ కాలు ఆయన మాట వినడం మానేసింది, అంతే. ముప్పై ఏళ్ళుగా పక్కవాడి తప్పు కోసం కాచుకుని కూర్చున్న కాలు అది. ఇప్పుడు పక్కన ఎవరూ లేరు. ఆయన తనలోనే ఒక నేర్చుకునేవాణ్ణి కూర్చోబెట్టుకుని, వాణ్ణి నమ్మలేకపోతున్నాడు. అలాంటి ఉదయాలు ఎన్నో గడిచాయి. ప్రతిసారీ ఈల మొదలై తెగిపోయేది. మొదలై తెగిపోవడం ఊరికే నిలబడడం కంటే ఎక్కువ అలుపు.

చివరికి ఒకరోజు వరండాలో చెప్పులేసుకుంటూ, “షెడ్డువాడికి తిరిగి ఇచ్చేస్తాను. ముక్కలు చేసుకుంటే చేసుకోనీ. నా వల్ల కాదు,” అన్నాడు.

“నేనూ వస్తాను. బస్సులో తిరిగి రావడానికి తోడుండాలిగా,” అన్నారు వర్ధని గారు.

ఉయ్యూరు దాకా ఆయనే తోలాడు. చెరుకు లారీలు దాటిపోయాక, రోడ్డు వెడల్పుగా తెరుచుకున్న చోట ఆవిడ ఆపమన్నారు. టీ కోసమనుకుని ఆయన ఆపాడు. ఆవిడ దిగి, చుట్టూ తిరిగి వచ్చి, కుడిపక్క తలుపు తీశారు.

“అటు జరగండి.”

“నీకేం వచ్చు?”

“వచ్చు. సత్యనారాయణపురంలో ఆ కృపారావు దగ్గర నేర్చుకున్నాను.”

ఆయన ముఖం చూడాలి. కృపారావు అంటే ఆయనకు పోటీ స్కూలువాడు. “వాడి దగ్గరా! వాడికి గేర్లే సరిగా రావు!”

“తిట్టడు. అందుకని వెళ్ళాను. ఊరంతటికీ నేర్పారు, నన్ను ఒక్కసారి అడిగారా? పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా మా అన్నయ్య బండి నేనే తోలతాను. జరగండి.”

ఆయన జరిగాడు. ఎడమ సీటులో కూర్చోగానే వీపు దానంతట అదే నిటారైంది.

ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని గేరు వేశారు. మొదట తడబడ్డారు, నేనొక ఊపు ఊగాను. తర్వాత సర్దుకున్నారు. కంకిపాడు వైపు రోడ్డు ఖాళీగా సాగింది. ఆవిడ పాదం తేలిగ్గా, ఆగకుండా కిందికి దిగింది. ఈల మొదలైంది. తెగలేదు. గాలి లోపలికి, ఇంకా లోపలికి, నేను మరిచిపోయిన చోట్లకల్లా వచ్చింది. సుఖంగా ఉందని చెప్పను. బరువుగా ఉంది, వేడిగా ఉంది. కానీ చాలాకాలానికి ఒక మాట చివరిదాకా పలికినట్టుంది.

మాస్టారి కుడికాలు నా నేలను తొక్కింది. మళ్ళీ తొక్కింది. మూడోసారి, ఉన్న బలమంతా పెట్టి.

“మెల్లగా! వర్ధనీ, క్లచ్చు... ముందు లారీ ఉంది!”

“కనబడుతోందండీ. అక్కడ బ్రేకు లేదు, ఎందుకలా తొక్కుకుంటారు? మోకాలు పట్టేస్తుంది.”

ఆవిడ లారీని దాటించారు, పెద్ద కష్టపడకుండా, ముంగురులు కూడా సర్దుకోకుండా. ఆయన పాదం నేల మీద బిగిసి అలాగే ఉండిపోయింది. ఎంతసేపో. ఆటోనగర్ మలుపు ఇంకా దూరంలోనే ఉంది. ఆవిడ అటు తిప్పుతారో, తిన్నగా పోనిస్తారో ఆయన అడగలేదు.

ముందుకు వంగి ఒక్కొక్కటిగా రెండు చెప్పులూ విడిచాడు. కాళ్ళు పైకి తీసుకుని, పంచె సర్దుకుని, సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.