తగ్గిపోయిందట

"మందులే మానేశావు కదా, ఇంకా జబ్బేమిటి?" అన్నారు అత్తగారు. నేల తుడిచే బట్ట పిండలేక నేను అప్పుడు తంటాలు పడుతున్నాను. వేళ్ళు ముడుచుకోవడం లేదు. నీళ్ళు మోచేతుల దాకా కారుతున్నాయి. ఆవిడ వచ్చి ఆ బట్ట అందుకుంటారేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. సిగ్గులేని ఆశ. ఆవిడ కాళ్ళు సోఫా మీదికి ముడుచుకుని, ఆ మూల మరక ఇంకా పోలేదని చూపించారు.

నాకున్నది లూపస్. ఒంటిని కాపాడవలసిన బలగమే తిరగబడి ఒంటిని తినే జబ్బు. నాలుగేళ్ళ కిందట ఆ సంగతి ఇంట్లో విడమరిచి చెబితే, "ఎవర్ని తినకుండా వదిలావు గనక" అన్నారు అత్తగారు. మా ఆయన నవ్వారు. ఆయన బంగారమని అందరూ అంటారు. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళినా వెంట వస్తారు, నాకు ఎక్కడ నొప్పిగా ఉందో కూడా ఆయనే చెబుతారు. డాక్టరుగారు ఆయన వైపే చూస్తూ మందులు రాస్తారు. రిపేరుకి తెచ్చిన సామానులా నేను పక్క కుర్చీలో కూర్చుంటాను.

మూడు నెలల కిందట నేను పరీక్షకి రక్తం ఇవ్వడానికి పక్క గదిలోకి వెళ్ళినప్పుడు వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చే దారిలో మా ఆయన చెప్పారు. కిందటిసారి రిపోర్టులు చాలా బాగున్నాయట, డాక్టరుగారు మాత్రలు మానెయ్యమన్నారట, ఇక పిల్లల సంగతి చూసుకోవచ్చట. నమ్మాను. నమ్మడమేమిటి, సంతోషం పట్టలేక దారిలోనే ఏడ్చేశాను. ఇంటికి రాగానే మిగిలిన మాత్రలన్నీ ఆయన చెత్తబుట్టలో వేశారు. అత్తగారు చుట్టాలందరికీ ఫోన్లు చేశారు. ఇన్నాళ్ళూ ఆ మందులే కడుపు పండనివ్వలేదని ఆవిడ లెక్క.

నెల తిరక్కుండానే కీళ్ళు పట్టేశాయి. నేను బడిలో పాఠాలు చెబుతాను. చెయ్యి పైకి లేవక బోర్డు సగం నుంచి రాయడం మొదలుపెట్టాను. వెనక బెంచీల పిల్లలు కనబడటం లేదని గోల. నాకు ఎండ తగలకూడదని డాక్టరుగారు రాసిచ్చిన కాగితం ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ మధ్యాహ్నం ఆటస్థలం డ్యూటీ వేసేవారు కాదు. ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్ వేశారు. "మీవారే ఫోన్ చేసి చెప్పారుగా, తగ్గిపోయిందట" అన్నారు నవ్వుతూ. వారానికల్లా బుగ్గలు ఎర్రగా కమిలిపోయాయి, నోరంతా పుళ్ళు. ఇంట్లో చెబితే, పని ఎగ్గొట్టడానికి కొత్త వేషాలన్నారు. రోజూ వినగా వినగా నాకే అనుమానం పట్టుకుంది, నాది నిజంగా ఒళ్ళు బద్ధకమేమోనని. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండేది దానికే. నా నొప్పిని నేను కూడా నమ్మలేదు.

పాదాలు వాచి చెప్పులు పట్టని రోజున ఆయన నన్ను మళ్ళీ డాక్టరు దగ్గరికి బయల్దేరదీశారు. డాక్టరుగారు మూత్రపరీక్ష కాగితం చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. జబ్బు కిడ్నీల దాకా వచ్చిందన్నారు. మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నారు.

"తనే మానేసిందండీ, ఆ మాత్రలకి ముఖం ఉబ్బుతోందని. నేను మొత్తుకుంటూనే ఉన్నాను. వింటేగా."

మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా అన్నారు ఆ మాట. డాక్టరుగారు ఇన్నేళ్ళలో మొదటిసారి పూర్తిగా నా వైపు తిరిగారు, తిట్టడానికి.

"గర్భం వచ్చినా ఈ మాత్ర ఆపకూడదని పోయినసారి మీవారికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నలుగురు పిల్లలకి పాఠాలు చెప్పేవారు, మీరే ఇలా చేస్తే ఎలాగమ్మా?"

మీవారికి చెప్పాను. ఆ ఒక్క మాట దగ్గర నా బుర్ర ఆగిపోయింది. అంటే ఆ రోజు నేను ఏడ్చింది ఈయన అల్లిన అబద్ధానికి. బల్ల కింద ఆయన చెయ్యి వచ్చి నా మోకాలి మీద పడి గట్టిగా నొక్కింది. వాచిన మోకాలే. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం, పరువు తియ్యకు అని దాని అర్థం. పదేళ్ళ కాపురంలో నాకు బాగా అలవాటైన అర్థం. ఇప్పుడు కూడా ఊరుకున్నానంటే నా కిడ్నీల కబురు సైతం ఈయన నోటి నుంచే, ఈయనకి నచ్చినట్టే, నాకు అందుతుంది. ఆ చేతిని తీసి ఆయన ఒళ్ళోనే పెట్టాను.

"నా అంతట నేను మానలేదండీ. మీరు మానెయ్యమన్నారని ఈయన నాతో చెప్పారు" అన్నాను.

ఏం మాట్లాడుతున్నావని ఆయన నవ్వబోయారు. డాక్టరుగారు నవ్వలేదు. నాకు భయం వేసింది. ఇంట్లో ఈ మాటకి ఏ మర్యాద జరుగుతుందో నాకు తెలుసు. అయినా ఆగలేదు.

"ఈయన్ని బయట కూర్చోమనండి. జబ్బు నాది. నాకు చెప్పండి."