చారలు రాని బాతు

శింగనమల చెరువు అంచున నా కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. ఫిబ్రవరి ఆఖరు. అవతల చారల తల బాతులు వందకు పైగా మెడలు సాచి అరుస్తున్నాయి. ఇవాళో రేపో ఉత్తరానికి లేచిపోతాయి. నాకు వాటిలో ఒక్కటే కావాలి.

బడిలో సైన్సు చెబుతాను, సెలవుల్లో పక్షుల్ని లెక్కపెడతాను. పోయినేడు ఇక్కడే చారలు లేని బాతును చూసి, ఇది రెండు జాతులకు పుట్టిందని మా పక్షుల గ్రూపులో ఫోటో పెట్టాను. "అది పిల్ల, జయంతి మేడం. ఏడాది ఆగండి, చారలు అవే వస్తాయి" అన్నాడు గ్రూపులో పక్షుల లెక్కలు సరిచూసే నరేంద్ర. అందరూ మూడు రోజులు నవ్వారు. ఒళ్ళు మండి అంతా చెరిపేశాను, ఫోన్లో ఉన్న ఫోటోతో సహా. నా కోపమే నా కొంప ముంచింది.

ఇవాళ మళ్ళీ అలాంటిదే. తల మీద చారలుండాల్సిన చోట మసక మరక. దగ్గరగా చూడాలి, కానీ మనిషిని చూస్తే గుంపంతా లేస్తుంది.

"ఏం టీచరమ్మా, కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు?" రోజూ గొర్రెల్ని ఇక్కడికే నీళ్ళకు తోలుకొచ్చే లింగప్ప అడిగాడు. సంగతి చెప్పాను.

"మనిషికి బెదుర్తాయి గానీ గొర్రెలకు బెదరవు. రా." తన కంబళి నా నెత్తిన కప్పాడు. వంగి మందలో నడిచాను. దుమ్ము, గొర్రె వాసన, నడుము విరిగిపోతోంది.

బాతు గట్టెక్కింది. కాళ్ళు చారల బాతుకుండే పసుపూ కాదు, ఇంకో జాతికుండే గులాబీ కాదు, మధ్య రంగు. ఫోటో తీశాను. అయినా ఏం లాభం? మళ్ళీ పిల్ల అంటారు.

"ఇది పోయినేటిదే గదా" అన్నాడు లింగప్ప మెల్లగా.

"ఎట్ల చెప్తావన్నా?"

"ముక్కు కొసన పెచ్చు లేసిపోయిండాది, చూడు. రెండొందల గొర్రెల్లో ఏ పిల్ల ఏ తల్లిదో మొగం చూసి చెప్తా. దీన్ని మర్చిపోతానా?"

అదే అయితే ఏడాది గడిచింది, చారలు రాలేదు. ఇక రావు. ఇది పిల్ల కాదు!

మంద చాటునే ఫోటోతో పాటు, ఇది పోయినేటిదేనని గ్రూపులో పెట్టాను. నరేంద్ర వెంటనే అడిగాడు: "పోయినేటిదే అనడానికి ఫోటో ఉందా?"

"ఏమంటాండాడు?" అన్నాడు లింగప్ప.

"నీ మాట ఎట్ల నమ్మేదని."

"పోయినేడే ఇది క్రాసుది అని నీకు చెప్తి. నువ్వు ఫోన్లో మాట ఇంటివి. నీ కండ్లను నువ్వే నమ్మకపోతివి, ఇంక ఆయప్ప నన్ను యాడ నమ్ముతాడు?"

నిజమే, చెప్పాడు. గ్రూపు నన్ను చూసి నవ్వాక, గొర్రెల కాపరికి బాతుల సంగతి ఏం తెలుసని ఆయన్ని చూసి నవ్వింది నేనే. సిగ్గుతో తల దించుకున్నాను.

వెనక బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. నేను తలెత్తకుండా టైపు చేశాను: "ఫోటో లేదు. సాక్షులు ఇద్దరు. గొర్రెల కాపరి లింగప్ప, జయంతి."