కట్టెగద్ద

సాయమ్మ వాకిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతుంటే మొగుడు మొగిలి దొరుండే గడీ నుంచి పరుగున వచ్చాడు. "చాట అవతల పెట్టు. దొర గుట్టెక్కుతుండు. పెట్టె నువ్వే మొయ్యాల్నట," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహంలో ఎప్పుడూ ఒక వెలుగుండేది. ఊళ్లో ఇంతమంది ఆడవాళ్లుండగా దొర తన పెళ్లాన్నే పిలవడం అతనికి గొప్ప. అత్త బుచ్చవ్వ అరుగు మీద నుంచే, "జల్ది పోవే, దొరను నిలబెడితే బాగుండదు," అంది. మిగిలిన జొన్నలు ఎవరు చెరుగుతారో, గట్క ఎవరు కాస్తారో ఇద్దరూ అనలేదు. అనరు. పొద్దుగూకినాక తిరిగొచ్చి సాయమ్మే కాస్తుంది.

పాలకుర్తికి రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊరికి దొర లక్ష్మీకాంతరావు. హైదరాబాదులో చదివొచ్చాడు. పెద్ద యుద్ధం అయిపోయిన ఏడు ఇంగ్లీషు సీమ నుంచి గ్లైడర్లు తెప్పించుకున్నాడు. ఇంజను లేకుండా గాలి మీద తేలే బొమ్మ విమానాలవి. జనగామ స్టేషన్‌లో దిగి, కచ్చరం బండిలో ఊరికొచ్చాయి. తేలికపాటి కట్టె, దాని మీద పల్చటి కాగితం, బారెడు రెక్కలు. ఊరు వాటిని కట్టెగద్దలంది. గద్దలగుట్ట పడమటి వాలు మీద నిలబడి వదిలితే, కింది నుంచి ఎగదన్నే గాలికి అవి నిజం గద్దల పక్కనే తిరిగేవి. తిరిగి తిరిగి ఏ బండల సందులోనో, ఏ ముళ్లపొదలోనో పడేవి. వాటి పెట్టెను నెత్తిన మోయడం, పడ్డచోటికి పరుగెత్తి, రెక్క విరగకుండా ఎత్తుకుని మళ్లీ గుట్టెక్కడం సాయమ్మ వెట్టి. ఒకసారి చుట్టాల ముందు దొర అన్నాడు: "అమెరికాల రేడియోతోటి నడిపిస్తున్నరట. నిలబడ్డకాడి నుంచే మళ్లించి కాళ్ల దగ్గర దింపుకుంటరట. నాకెందుకు రేడియో? ఇది ఉన్నది గదా!" 'ఇది' అంటూ చేతికర్రతో సాయమ్మను చూపించాడు. చుట్టాలు పడీ పడీ నవ్వారు. పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ మొగిలి కూడా నవ్వాడు. దొర నవ్వును ఆమె మరిచిపోయేదేమో గానీ, మొగుడి నవ్వు మాత్రం ముల్లులా దిగబడిపోయింది.

అదంతా ఒక ఎత్తు, పోయినేడు మాఘంలో జరిగింది ఒక ఎత్తు. అప్పుడామెకు ఆరో నెల. "జర ఇయ్యాల ఇంకెవర్నన్న పిలువమను," అని మొగుణ్ని బతిమాలింది. "దొర ఇంటడా? గడీల నా మాట నడుస్తదా?" అన్నాడు మొగిలి. పోయింది. మూడోసారి పైకెక్కుతుంటే కాలికింద రాయి జారింది. బండల మీద దొర్లింది. ఎట్లాగో లేచి పైకి చేరేసరికి కాళ్ల వెంట నెత్తురు. దొర కట్టెగద్దను అటూ ఇటూ తిప్పి, "రెక్క చినిగింది," అన్నాడు. అంతే. ఆ సాయంత్రం ఇంట్లో ఆడపిల్ల పుట్టి, ఏడవకుండానే పోయింది. "ఆడిపిల్లనే గదా, పోనియ్యి," అంది బుచ్చవ్వ. మూడో నాడు మొగిలి, "రెక్కకు కాగితం అంటియ్యాల్నట, పా. చింపింది నువ్వే గదా," అని గడీకి తోలుకుపోయాడు. నెల తిరగకముందే అతనికి నాగలి తప్పి, గడీ తలుపు దగ్గర కావలి పని దొరికింది. దొర దయ అనుకున్నారు ఇంట్లో.

గడీ వెనక కొట్టంలో కూర్చుని, పాలు చేపి రొమ్ములు సలుపుతుంటే, గంజి రాసి కాగితం అతికిస్తూ సాయమ్మ ఆ కట్టెగద్దను నిలువునా చూసింది. ముక్కులో సీసం గుండు. తోక మీద నిలువుగా చిన్న పలక. ఆ పలక కొంచెం వంగి ఉంటే గద్ద గుండ్రంగా తిరిగి వెనక్కొస్తుంది, తిన్నగా ఉంటే ముక్కు సూటిగా పోతుంది. రోజూ మొదటిసారి వదిలేముందు దొర దాన్ని వేలితో వంచుకోవడం ఆమె ఎన్నోసార్లు చూసింది. ఆమె చూస్తోందని అతనికి ఎన్నడూ తట్టలేదు. పెట్టె మోసే మనిషికి కళ్లుంటాయని, ఆ కళ్ల వెనక ఒక బుర్ర ఉంటుందని దొరకే కాదు, ఆమె ఇంట్లోవాళ్లకూ తట్టలేదు. ఆ ఏడాదంతా ఆమె ఏడవడం మానేసి గాలిని గమనిస్తూ వచ్చింది. ఎప్పుడు ఎగదన్నుతుందో, ఎప్పుడు నెమ్మదిస్తుందో, కట్టెగద్ద సూటిగా పోతే ఎక్కడ వాలుతుందో. బిడ్డను పూడ్చిన చోటు మీదుగా పోయినప్పుడల్లా ఆ చూపు ఇంకా పదునెక్కేది.

సంఘం ఊరూరికీ పాకుతున్న రోజులవి. ఇక వెట్టి చెయ్యం అని జనం ఎదురుతిరుగుతున్నారు. లక్ష్మీకాంతరావు తుపాకులిచ్చి ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నాడు. వాళ్లు లేకుండా గడప దాటడు. గుట్ట కింది తండాలో గోరీ అనే లంబాడా ఆడమనిషి సంఘంలో ఉందని సాయమ్మకు తెలుసు. ఒకనాడు వాగు దగ్గర గోరీయే మాట కలిపింది. "గా రెండు తుపాకులే అడ్డం అక్కా. అవి దొరికితే గడీ తలుపు మేమే తీస్తం."

"తుపాకులు నేను పంపిస్త," అంది సాయమ్మ. "దొర గుట్టెక్కినప్పుడల్లా నువ్వు ఇప్పచెట్ల కాడ గడ్డి కొయ్యి. ఆడోళ్లను ఎంబడి తెచ్చుకో."

గోరీ నవ్వలేదు. "ఎట్ల?" అనడిగింది. సాయమ్మ చెప్పింది.

ఇవాళ చుట్టాలెవరూ రాలేదు. దొర, తుపాకుల వాళ్లిద్దరు, నెత్తిన పెట్టెతో సాయమ్మ. రెండుసార్లు దిగి తెచ్చిచ్చింది. మూడోసారి దొర చేతిలో పెట్టేముందు బొటనవేలితో తోకపలకను తిన్నగా నొక్కింది. దొర దాన్ని మళ్లీ చూసుకోలేదు. గాలి చూసి వదిలాడు. కట్టెగద్ద తిరగలేదు. సూటిగా, చిన్నదై, ఇంకా చిన్నదై, ఇప్పచెట్లలో వాలింది.

"ఉరుకవే!"

సాయమ్మ బండ మీద కూలబడి చీలమండ పట్టుకుంది. "కాలు మడతవడ్డది దొరా. అడుగు పడ్తలేదు."

దొర ఆమె తల్లిని తిట్టి, తుపాకుల వాళ్ల మీద అరిచాడు. "ఇద్దరు పోండ్రి. రెక్క విరిగిందో, తోలు తీస్త!"

పైనుంచి అంతా కనిపిస్తూనే ఉంది. కింద గడ్డి కోసుకునే ఆడవాళ్లు తప్ప ఎవరూ లేరు. ఆడవాళ్లను చూసి ఎవరు జంకుతారు? తుపాకులు బండకు ఆనించి ఒకడు చెట్టెక్కాడు, ఇంకొకడు కింద చేతులు చాచాడు. అప్పుడు లేచాయి కొడవళ్లు. తుపాకులు గోరీ చేతికొచ్చాయి.

సాయమ్మ లేచి నిలబడింది. కాలు బాగానే ఉంది.

దొర ఆమె వైపు తిరిగాడు. "సాయమ్మా," అన్నాడు. పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "అవతలి దారి చూపెట్టు. ఏం కావాల్నంటె అదిస్త."

"నా బిడ్డ కావాలె."

"ఏ బిడ్డ?"

ఆ మాటకు ఆమె పాదం ముందుకు పడింది. ఒక్క తోపు చాలు. కానీ చావడానికి ఎంతసేపు? కింద పడేదాకానే. అంత చిన్న బాధ ఇతనికి చాలదనిపించింది.

"జోళ్లు విప్పు," అంది. "నేను జారిపడ్డది గీ దారిలనే. ఒట్టి కాళ్లతోటి దిగు."

ఆ దినం అప్పటికి గుర్తొచ్చి, దొర జోళ్లు విప్పాడు. "నా మీద కోపమెందుకే? ఆ దినం నిన్ను నేను వద్దనే అన్న. కడుపుతోటున్నది, ఇంకోదాన్ని తెమ్మన్న. 'ఏం గాదు దొరా, మా ఆమెనే ఎక్కుతది,' అన్నది నీ మొగడు. కావలి పని కోసం నా ఎంబడి తిరుగుతుండె గప్పుడు."

సాయమ్మ కింద ఊరి వైపు చూసింది. చెవుల్లో గాలి హోరు. "ఆయిన సంగతి నేను చూసుకుంట," అంది. "నువ్వు దిగు."

దిగాడు. ముళ్లను పట్టుకుని, బండల మీద కూర్చుని జరుగుతూ, పసిపిల్లాడిలా ఏడుస్తూ. ఆమె పక్కనే దిగుతూ చివరి అడుగు దాకా చూసింది. ఆ సాయంత్రమే సంఘం గడీ తలుపులు తీసింది. ఊరు విడిచి పొమ్మంటే, చీరుకుపోయిన పాదాలతో దొర జనగామ బాట పట్టాడు.

ఇంటికొచ్చేసరికి మొగిలి అరుగు మీద ముడుచుకుని ఉన్నాడు. "నీకేం ఎరుకలేదని చెప్పు. రేపు దొర నిజాం పోలీసులను తోలుకొస్తే మన బతుకేంది?"

"పోయినేడు దొర నన్ను వద్దన్నడా?"

మొగిలి తల్లి వైపు చూశాడు. బుచ్చవ్వ తల దించుకుంది. ఇద్దరికీ తెలుసన్నమాట. సాయమ్మ తలుపు దగ్గరగా వేసి గోరీ వాళ్లింటికి పోయింది.

తెల్లారి గడీ ముందు సంఘం పంచాయతి. దొర పక్కన చేరి జనాన్ని ఏడిపించిన వాళ్లెవరో, బాధపడ్డవాళ్లనే లేచి పేర్లు చెప్పమన్నారు. జనం చివర కూర్చున్న మొగిలి తల అడ్డంగా ఊపుతూ ఆమె వైపే చూస్తున్నాడు. పెళ్లాం నోట మొగుడి పేరొస్తే అతని ఆయుష్షు తరుగుతుందని పెళ్లినాడే చెప్పింది బుచ్చవ్వ. పదేళ్ల కాపురంలో సాయమ్మ 'మా ఆయిన' అని తప్ప అనలేదు.

ఆమె లేచి కొంగు దోపుకుని, చివరి మనిషి దాకా వినపడేలా, "మొగిలి," అంది.