నిలబడి పెట్టిన సంతకం

గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు తోలే రైతుల్లోంచి ముగ్గురిని మారిషస్ దేశం పంపించి, అక్కడి సాగు చూపించాలని 1972 వేసవిలో నిర్ణయమైంది. ఆ ముగ్గురిలో నరసమ్మ ఒకరు. ఊళ్ళో అందరికీ ఎకరాకి ముప్పై టన్నులు దిగితే ఆమెకి నలభై ఎనిమిది దిగింది. భర్త పోయిన తొమ్మిదేళ్ళుగా చేను ఆమె చేతి మీదే నడుస్తోంది. కబురు తెలిసిన రోజు నుంచీ ఆమెకి కాలు నిలవలేదు. చోడవరం బస్సులో పక్కన కూర్చున్న ప్రతివాళ్ళకీ తనే చెప్పుకుంది.

చోడవరంలో బ్యాంకు బ్రాంచికి పెద్దయిన ఏజెంటు కామేశం ఆమెకన్నా హుషారుగా ఉన్నాడు. పైదేశపు సొమ్ము వ్యవహారం ఆ బ్రాంచిలో అదే మొదటిది. విశాఖపట్నం నుంచి చెక్కులు రాగానే మనిషిని పంపి మరీ ఆమెను పిలిపించాడు.

"వీటిని ట్రావెలర్స్ చెక్కులంటారు నరసమ్మగారూ. ఇప్పుడు నా ఎదుట పైన ఒక సంతకం పెట్టాలి. అక్కడి బ్యాంకులో వాళ్ళ ఎదుట కింద ఇంకోటి పెట్టాలి. రెండూ కలిస్తేనే డబ్బిస్తారు."

"దొంగెదవ ఎత్తుకుపోతేనో బాబూ?"

"వాడికి మీ సంతకం రాదుగా! చెక్కుల నంబర్లు వేరే కాగితం మీద రాసి వేరే చోట దాచుకోండి. పోయాయంటే ఆ నంబర్లు చెప్పండి, మీ సొమ్ము మీకొస్తుంది."

"ఓలమ్మ! నోటు పోతే పోయినట్టే. ఈ కాగితం పోతే మళ్ళీ ఇత్తారేటి!" నరసమ్మ పకపకా నవ్వింది.

"మొత్తం యాభై ఇంగ్లీషు పౌన్లు. అయిదేసి పౌన్లవి పది ఇమ్మంటారా, పదేసివి అయిదా?"

"మార్సినప్పుడు ఏటైనా కోసుకుంటారా?"

"చెక్కుకి ఇంత అని తీసుకుంటారు."

"అయితే పెద్దవే ఇయ్యి బాబూ. అయిదు కోతలు సాలు."

సంతకం నేర్చుకుని ఆమెకి రెండేళ్ళయినా కాలేదు. కౌంటరు ముందు నిలబడి 'మజ్జి నరసమ్మ' అని అయిదుసార్లు రాసేసరికి ముక్కు మీద చెమట పట్టింది.

మారిషస్‌లో నాలుగో రోజున, పోర్ట్ లూయీ బజారులో ఒక దుకాణం ముందు ఆమె ఆగిపోయింది. గుమ్మానికి ఒక కత్తి వేలాడుతోంది. నిలువెత్తు పిడి, చివర వంపు తిరిగిన అలుగు. వంగకుండానే చెరుకుని మొదలంటా నరకొచ్చు. అది కొనకుండా కదలనంది.

"బస్సుకి టైమవుతోంది. మన హోటల్లోనే డబ్బు మార్చుకుని రండి," అన్నాడు రైతుల వెంట వచ్చిన వ్యవసాయాధికారి రామచంద్రమూర్తి.

"హోటలోడు పౌనుకి ఈళ్ళ రూపాయలు పన్నెండే ఇస్తన్నాడు బాబూ. ఆ బ్యాంకు బోర్డు మీద పదమూడుంది. నాను సూసేను. అక్కడికే పోదాం."

బ్యాంకులో గుమస్తా అమ్మాయి కుర్చీ వేసి మర్యాదగా కూర్చోబెట్టింది. నరసమ్మ ఒద్దికగా సంతకం చేసింది. ఆ అమ్మాయి పై సంతకం చూసింది, కింది సంతకం చూసింది, తల అడ్డంగా తిప్పింది. పైన అక్షరాలు గాలికి వాలిన చెరుకుల్లా ఉన్నాయి. కింద గుండ్రంగా, బుద్ధిగా కూర్చున్నాయి. "రెండూ కలవలేదంటోందమ్మా," అన్నాడు రామచంద్రమూర్తి.

నరసమ్మ చెక్కుని దగ్గరకి లాక్కుని చూసి, ఒక్కసారిగా లేచింది.

"బాబూ, సోడారంలో నాను నిలబడి ఎట్టేను. కూకుంటే నా సెయ్యి అలాగ తిరగదు. ఇంకోటి నిలబడి ఎడతానని ఆ గుంటతో సెప్పు!"

ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. నరసమ్మ కుర్చీని వెనక్కి తోసి, కొంగు బిగించి, రెండో చెక్కు మీద గబగబా రాసింది. అక్షరాలు ఏటవాలుగా, అచ్చం పైనున్నట్టే పడ్డాయి. ఆ అమ్మాయి గట్టిగా నవ్వేసి పక్క కౌంటరు వాళ్ళకి చూపించింది. మేనేజరు వచ్చి, పాస్‌పోర్టులో సంతకంతో కూడా సరిచూసి, మొదటి చెక్కు పక్కన తన పొడి సంతకం గీశాడు. రెండు చెక్కుల రుసుమూ పోను మిగిలిన నోట్లు చేతిలో పడగానే, నరసమ్మ బజారు వైపు పరుగులాంటి నడక నడిచింది. బస్సు ఆమె కోసం పది నిమిషాలు ఆగింది.

తిరిగొచ్చాక, మిగిలిన మూడు చెక్కులూ చోడవరంలో అప్పగించి రూపాయలు తీసుకుంది. కామేశం గుమస్తాలందర్నీ పిలిచి, పోర్ట్ లూయీ సంగతి ఆమె చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు.

అక్కణ్ణుంచి ఆమె మారిషస్‌లో కొన్న కత్తి పట్టుకుని నేరుగా వడ్డాది వెళ్ళింది. అక్కడి కమ్మరి దాసు ఆ కత్తిని చూసి అలాంటివే ఆరు చేసిచ్చాడు. చెరుకు కోతల మొదటిరోజున వాటి కోసం ఆడవాళ్ళు వంతులేసుకున్నారు. అరవై ఏళ్ళ అచ్చియ్యమ్మ ఒక సాలు మొత్తం ఆగకుండా నరికి, గట్టు మీద నిలబడి కేకేసింది.

"ఒసే నరసమ్మా! నా నడుం ఇంకా నాతోనే ఉందే!"